లెక్కకు రాని తల్లులు

ఆదివారం ఉదయం బస్తీలో ఉచిత వైద్య శిబిరం. షామియానా కింద వరుసగా కుర్చీలు, బల్లపై మందుల పెట్టెలు, ఒక పక్క రక్తపోటు పరీక్ష, మరో పక్క మధుమేహ పరీక్ష. జుహ్ర్ నమాజు వేళకు శిబిరం ముగుస్తుంది. ఇన్ని వందల మందికి మందులు పంచామని నిర్వాహకులు తృప్తిగా ప్రకటిస్తారు. మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది.

ఈ దృశ్యం మనలో చూడనివారు ఉండరు. దాని వెనుక ఉన్న సద్భావాన్ని ఎవరూ శంకించనక్కరలేదు. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ శిబిరం వల్ల బస్తీలో ఏం మారింది? వీధి చివరి గదిలో ఉండే నిండు గర్భిణి అక్కడికి వచ్చిందా? రాకపోతే ఎందుకు రాలేదు? ఆమెను ఇల్లు కదలనివ్వనిది అత్తగారా, ఆటో కిరాయా, లేక తనకు అక్కడ పనేముందన్న సంకోచమా? వీటికి నిర్వాహకుల రిజిస్టరులో సమాధానం దొరకదు. రిజిస్టరులో వచ్చినవారి పేర్లే ఉంటాయి, రానివారి పేర్లు ఉండవు.

ప్రజలే పూనుకొని తమ ఆరోగ్యాన్ని మెరుగుపరచుకునే ప్రయత్నాలు లోకంలో ఎన్నో జరిగాయి. వాటిలో ఏవి ఫలించాయి, ఏవి ఫలించలేదు, ఫలించిన చోట ఆ ఫలం ఎవరికి దక్కింది అన్నది తేల్చడం అంత తేలిక కాదు. గత మూడు దశాబ్దాలలో ఆ పనిని అత్యంత ఓపికగా చేసిన రంగం ఒకటి ఉంది. పుట్టిన 28 రోజులలోపే కన్నుమూసే పసికందులను కాపాడేందుకు గ్రామీణ స్త్రీలు జరిపిన సమావేశాల చరిత్ర అది. నేపాల్, ఝార్ఖండ్, బంగ్లాదేశ్, ముంబయి, చివరకు మన పాలమూరు కూడా ఆ చరిత్రలో ఉన్నాయి. అందులో విజయాలున్నాయి, వైఫల్యాలూ ఉన్నాయి. మనకు ఎక్కువ నేర్పేవి ఆ వైఫల్యాలే.

ముందూ వెనుకా చూస్తే సరిపోతుందా?

ఈ పద్ధతికి తొలి బీజం దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశపు కొండ గ్రామాలలో పడింది. 1990 దశకంలో అక్కడి ఇంకిసివి ప్రాంతంలో సుమారు 50 పల్లెల స్త్రీలు సంఘాలుగా కూడి, తమ బిడ్డలు ఎందుకు చనిపోతున్నారో తామే చర్చించుకున్నారు. తమకు తోచిన పరిష్కారాలను తామే అమలు చేశారు. కాన్పుకు అటూ ఇటూ సంభవించే శిశు మరణాలు ప్రతి 1000 జననాలకు 117 నుండి 44కు తగ్గాయి.

ఈ అంకెలు చూసి సంతోషించనివారు ఉండరు. కానీ నిపుణులకు ఒక సందేహం కలిగింది. ఆ సంవత్సరాలలో కొత్త రోడ్డు పడి ఉండవచ్చు, పంట బాగా పండి ఉండవచ్చు, మరేదో కారణం తోడై ఉండవచ్చు. సంఘాలు లేని పక్క పల్లెలలో కూడా మరణాలు అంతే తగ్గి ఉంటే, ఆ ఘనతను సంఘాలకు కట్టబెట్టడం న్యాయమా? మునుపటి స్థితిని నేటి స్థితితో పోల్చినంత మాత్రాన ఈ సంగతి తేలదు. సంఘాలున్న ఊళ్ళను సంఘాలు లేని ఊళ్ళతో పోల్చి చూడాలి. ఏ ఊరు ఏ వర్గంలో చేరాలన్నది కూడా నిర్వాహకుల ఇష్టానికి వదిలేయరాదు. వదిలితే చురుకైన ఊళ్ళనే వారు ఎంచుకుంటారు. అందుకే ఎంపిక చీటీలు వేసినట్లు జరగాలి.

మక్వాన్‌పూర్ స్త్రీలు

నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో సరిగ్గా ఇదే చేశారు. మిరా అనే నేపాలీ సంస్థ, లండన్ యూనివర్సిటీ కాలేజీ కలిసి 24 ప్రాంతాలను 12 జతలుగా విడదీశాయి. ప్రతి జతలో ఒకచోట స్త్రీల సంఘాలు ఏర్పడ్డాయి, రెండవచోట ఏర్పడలేదు. సంఘాలు ఏర్పడిన ఒక్కొక్క ప్రాంతానికి స్థానిక స్త్రీ ఒకరిని సమావేశకర్తగా నియమించారు. ఆమె వైద్యురాలు కాదు, నర్సు కాదు. అక్కడి భాష, అక్కడి ఆచారాలు తెలిసిన మామూలు ఇల్లాలు.

నెలకొకసారి జరిగే ఆ సమావేశాలలో ఉపన్యాసాలు ఉండవు. బొమ్మల కార్డులు, కథలు, ఆటల సాయంతో తల్లులు తమ ఇళ్ళలో జరిగిన కాన్పులను గుర్తు చేసుకుంటారు. ఏ కష్టాలు తరచుగా వస్తున్నాయో, వాటిలో ముందుగా దేన్ని పరిష్కరించాలో అందరూ కలిసి నిర్ణయిస్తారు. ఒక ఊరివారు అత్యవసర నిధి పోగు చేస్తే, మరో ఊరివారు గర్భిణిని కొండదారిన ఆసుపత్రికి మోసుకుపోయే డోలీ సిద్ధం చేసుకుంటారు. ఇంకొక ఊరివారు శుభ్రమైన బ్లేడు, దారం, సబ్బు కలిపిన కాన్పు పొట్లాలు ఇంటింటికీ అందేలా చూస్తారు. ఆ తర్వాత ఊరి పెద్దలను, పురుషులను పిలిచి తమ ఆలోచన వారి ముందుంచి సాయం కోరుతారు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ కూర్చొని తాము చేసింది ఎంతవరకు ఫలించిందో సమీక్షించుకుంటారు.

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. సంఘాలు లేని ప్రాంతాలలో ప్రతి 1000 సజీవ జననాలకు 36.9 మంది నవజాత శిశువులు మరణించగా, సంఘాలున్న ప్రాంతాలలో ఆ సంఖ్య 26.2. అంటే దాదాపు 30 శాతం తక్కువ. ఆ ప్రాంతాల వివాహిత స్త్రీలలో సమావేశాలకు వచ్చినవారు నూటికి 8 మంది మాత్రమే. కానీ కొత్తగా గర్భం దాల్చినవారిని మాత్రమే తీసుకుంటే నూటికి 37 మంది వచ్చారు. ఈ రెండు అంకెల మధ్యనున్న తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు కథకు అదే కీలకం.

ఒకే సంచిక, రెండు తీర్పులు

2010లో అదే లాన్సెట్ పత్రిక రెండు అధ్యయనాలను పక్కపక్కనే ప్రచురించింది. మొదటిది ఝార్ఖండ్, ఒడిశాలలోని మూడు జిల్లాలకు సంబంధించినది. ఏక్‌జుట్ అనే సంస్థ అక్కడ 244 స్త్రీల సంఘాలను నడిపింది. ఆదివాసీ జనాభా అధికంగా ఉండి, ఆసుపత్రులు దూరమై, ఎక్కువ కాన్పులు ఇళ్ళలోనే జరిగే ప్రాంతమది. మూడేళ్ళలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్ళను మాత్రమే తీసుకుంటే తగ్గుదల 45 శాతం. కాన్పు చేసేవారు చేతులు కడుక్కోవడం, బొడ్డుకు కాచిన దారం వాడడం వంటి చిన్న జాగ్రత్తలు ఇళ్ళలో పెరిగాయి.

రెండవ అధ్యయనం బంగ్లాదేశ్‌లోని బోగ్రా, ఫరీద్‌పూర్, మౌల్వీబజార్ జిల్లాలది. పద్ధతి అదే, బొమ్మల కార్డులు అవే, చర్చలు అవే. కానీ సంఘాలున్న చోటికీ లేని చోటికీ శిశు మరణాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ సందర్భంలో మనమైతే ఏం చేసేవారమో ఆలోచించండి. వైఫల్యాన్ని నివేదికలో ఎక్కడో చివర దాచి, స్త్రీలలో చైతన్యం వెల్లివిరిసిందని రెండు వాక్యాలు రాసి ముగించేవారమేమో. లేదా ఈ పద్ధతి మనవాళ్ళకు సరిపడదని తీర్మానించి చేతులు దులుపుకొనేవారమేమో. బంగ్లాదేశ్ బృందం ఈ రెండూ చేయలేదు. ఫలితం లేదన్న నిజాన్ని లోకానికి చాటి, కారణాన్ని తమ లెక్కలలోనే వెదికింది.

ఆ కారణం అంకెలలో కనిపించింది. ఝార్ఖండ్, ఒడిశాలలో సుమారు 468 మంది జనాభాకు ఒక సంఘం ఉండేది. నేపాల్‌లో సుమారు 756 మందికి ఒకటి. బంగ్లాదేశ్‌లో మాత్రం సుమారు 1,414 మందికి ఒక్కటే. ఏక్‌జుట్ సమావేశాలకు మూడవ ఏట కొత్త గర్భిణులలో సగానికి పైగా వచ్చారు. బంగ్లాదేశ్‌లో వచ్చినవారు చాలా కొద్దిమంది. మందు మంచిదే కావచ్చు, కానీ అది రోగికి చేరనే లేదు.

సమావేశాన్ని గడప దగ్గరకు చేర్చితే

బంగ్లాదేశ్ బృందం అవే మూడు జిల్లాలలో మళ్ళీ పని మొదలుపెట్టింది. పాత 162 సంఘాలకు మరో 648 చేర్చి మొత్తం 810 చేసింది. ఇప్పుడు సుమారు 309 మంది జనాభాకు ఒక సంఘం ఉంది. ఊరి ఆవలి చివర ఎక్కడో జరిగే సమావేశం ఇప్పుడు నాలుగిళ్ళ అవతలి వాకిట జరిగే సమావేశమైంది.

ఈ మార్పు విలువ ముస్లిం కుటుంబాలలోని స్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు. కొత్త కోడలు ఊరు దాటి సభకు వెళ్ళాలంటే ఇంట్లో ఎన్ని అనుమతులు కావాలో, ఎవరు తోడు రావాలో మనకు తెలుసు. అదే పక్కింటి వాకిట అరగంట కూర్చొని రావడానికి అత్తగారు కూడా అభ్యంతరం చెప్పరు. పైగా తానే వెంట వచ్చి కూర్చుంటారు. పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించకూడదని, పొడిబట్టతో తుడిచి వెచ్చగా చుట్టాలని, మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలని తెలియవలసింది కోడలికి ఒక్కదానికే కాదు. ఆ క్షణంలో బిడ్డను చేతుల్లోకి తీసుకునేది అత్తగారే కదా!

2013లో వెలువడిన ఫలితాలలో నవజాత శిశు మరణాలు సంఘాలు లేనిచోట ప్రతి 1000 జననాలకు 30.1, సంఘాలున్నచోట 21.3. ఇతర తేడాలను సరిచూసి లెక్కగడితే తగ్గుదల 38 శాతం. దేశం మారలేదు, జిల్లాలు మారలేదు, పద్ధతి కూడా మారలేదు. తల్లికీ సంఘానికీ మధ్య దూరం మాత్రం తగ్గింది. అదే ఏడాది బంగ్లాదేశ్, భారత్, మలావి, నేపాల్ దేశాల ఏడు అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు ఇదే విషయం రుజువైంది. గర్భిణులలో కనీసం మూడవ వంతు మంది పాల్గొన్నచోట నవజాత మరణాలు మూడవ వంతు మేర తగ్గాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని, ముఖ్యంగా వైద్యసేవలు అంతగా అందని గ్రామీణ ప్రాంతాలకు, సిఫారసు చేసింది.

సగటు చాటున దాగేది

ఇంతవరకు చెప్పినవన్నీ సగటు అంకెలు. సగటు ఒక్కోసారి కళ్ళు కప్పుతుంది. ఒక మండలంలో శిశు మరణాలు తగ్గాయంటే ధనికుల ఇళ్ళలో బాగా తగ్గి, నిరుపేదల ఇళ్ళలో ఏమాత్రం తగ్గకపోయి ఉండవచ్చు. కొత్త సౌకర్యం ఏది వచ్చినా చదువూ సంపదా ఉన్నవారే ముందుగా అందుకుంటారన్నది మనం నిత్యం చూస్తున్నదే. అటువంటి చోట ఆరోగ్యం మెరుగుపడుతుంది, అసమానత కూడా పెరుగుతుంది. రెండూ ఏకకాలంలో జరుగుతాయి.

కాబట్టి ఏక్‌జుట్ ఫలితాలను పరిశోధకులు మరోసారి విప్పి చూశారు. ఆస్తి, చదువు, కులం లేదా తెగ ఆధారంగా అత్యంత వెనుకబడిన కుటుంబాలను వేరుచేసి లెక్కగట్టారు. అధ్యయనపు రెండవ, మూడవ సంవత్సరాలలో ఆ కుటుంబాలలో నవజాత మరణాలు 59 శాతం తక్కువగా ఉన్నాయి. వారికంటే కాస్త మెరుగైన స్థితిలో ఉన్న కుటుంబాలలో ఆ తగ్గుదల 36 శాతం. అంటే మేలు అందరికీ కలిగింది, అందరికంటే వెనుకనున్నవారికి అందరికంటే ఎక్కువగా కలిగింది. ఆ లెక్క వేరుగా తీయకపోయి ఉంటే ఈ పద్ధతిలోని అసలు గొప్పదనం ఎవరికీ తెలిసేదే కాదు.

పనిచేయని చోట్లు

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. ముంబయిలో 48 మురికివాడ ప్రాంతాలను తీసుకొని సగం ప్రాంతాలలో ఇటువంటి స్త్రీల సంఘాలను మూడేళ్ళు నడిపారు. 2012లో ప్రచురితమైన ఫలితాలు నిరాశ కలిగించాయి. గర్భిణులు పొందిన సంరక్షణలో గానీ, నవజాత శిశువుల ప్రాణరక్షణలో గానీ ఆశించిన మేలు కనిపించలేదు. మహానగరంలో ఆసుపత్రులకు కొదవ లేదు. అక్కడ ఎక్కువ కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతాయి. అటువంటప్పుడు ఇంట్లో పాటించే జాగ్రత్తల వల్ల కలిగే అదనపు మేలు పరిమితం. అదీగాక పల్లెలో ఉండే ఇరుగుపొరుగు బంధం వలస వచ్చి అద్దె గదుల్లో ఉండేవారి మధ్య అంత సులభంగా అల్లుకోదు.

ఝార్ఖండ్, ఒడిశాలలోనే మరో ప్రయత్నం పిల్లల పోషణ గురించి జరిగింది. సమావేశాలకు తోడు ఒక కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి తల్లులకు సలహాలిచ్చేది. పిల్లల ఎదుగుదలను కొలిచేందుకు ప్రధానంగా పెట్టుకున్న కొలమానం వయసుకు తగిన పొడవు. అందులో తేడా రాలేదు. బరువు తక్కువగా ఉన్న పిల్లల సంఖ్య, శిశు మరణాలు తగ్గినట్లు కనిపించినా, పరిశోధకులు ముందుగా పెట్టుకున్న గురి తప్పిందనే స్పష్టంగా రాశారు. శుభ్రమైన బ్లేడు వాడాలన్న నిర్ణయం తల్లి చేతిలో ఉంటుంది. ఇంట్లో పప్పూ గుడ్డూ పాలూ ఉండడం మాత్రం చర్చతో తేలేది కాదు. దానికి కూలి కావాలి, రేషను కావాలి, మంచినీరు కావాలి. ప్రజల చొరవను పొగుడుతూ ప్రభుత్వ బాధ్యతను మరుగుపరిచే ప్రయత్నం ఎక్కడ జరిగినా మనం జాగ్రత్త పడాలి. ఝార్ఖండ్‌లో సంఘాల పనిని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ స్వీకరించి, అక్కడ సహియాలని పిలిచే ఆశా కార్యకర్తల ద్వారా విస్తరించిన తర్వాతనే ఆ మేలు రాష్ట్రంలో విస్తృతంగా పాకింది. ఆ విస్తరణలోనూ నవజాత మరణాలు 24 శాతం తగ్గినట్లు అధ్యయనం తేల్చింది.

పాలమూరులో జరిగినది

మన తెలుగు నేలపై కూడా ఇటువంటి పరీక్ష ఒకటి జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ డివిజన్‌లో 2,500లోపు జనాభా గల 464 గ్రామాలను దీనికి ఎంచుకున్నారు. చీటీలు వేసినట్లు వాటిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలు స్త్రీలతో చర్చా సమావేశాలు జరిపారు. దానికి తోడు గర్భిణులకు ఊళ్ళోనే పరీక్షలు, అవసరమైనప్పుడు ఆసుపత్రిలో చికిత్స ఏర్పాటయ్యాయి. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ గ్రామాలలో నవజాత మరణాలు రెండవ వర్గంకంటే 24 శాతం తక్కువ.

పోలిక కోసం రెండవ వర్గం గ్రామాలకు ఏమీ ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడం న్యాయమా అన్న ప్రశ్న ఇటువంటి అధ్యయనాలన్నింటిలో ఎదురవుతుంది. పాలమూరులో దీనికొక చక్కని మార్గం కనుగొన్నారు. రెండవ వర్గం గ్రామాలలో ప్రాథమిక తరగతుల పిల్లలకు బడి ముగిసిన తర్వాత అదనపు బోధన ఏర్పాటు చేశారు. ఆరోగ్యానికి ఆ గ్రామాలు పోలిక, చదువుకు ఈ గ్రామాలు పోలిక.  లెక్క కోసం మనుషులను వాడుకోకుండా, మనుషుల కోసం లెక్క తీయవచ్చని ఈ ఏర్పాటు చూపింది.

మన బస్తీకి ఏం తీసుకోవాలి?

మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు, మహిళా బృందాలు పరిశోధన సంస్థలు కావు. వందల గ్రామాలను విభజించి పోల్చే శక్తి వాటికి ఉండదు. అయినా ఈ అధ్యయనాల సారాన్ని ఒక నోటుపుస్తకంలో, ఇద్దరు ముగ్గురు చదువుకున్న అమ్మాయిల సాయంతో ఆచరణలో పెట్టవచ్చు.

మొదటిది, పని మొదలుపెట్టే ముందే ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకోవాలి. బస్తీలో ఎందరు గర్భిణులున్నారు, ఏడాదిలోపు పిల్లలెందరు, గత ఏడాది ఎన్ని కాన్పులు జరిగాయి, ఎందరు పసికందులు దక్కలేదు అన్నవి అందులో ఉండాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడిగేటప్పుడు మాటలో మెత్తదనం, ఆ వివరం బయటకు పొక్కదన్న భరోసా తప్పనిసరి. ఆ పుస్తకం మన దగ్గరుండే అమానతు.

రెండవది, మనం సాధించదలచుకున్నది ఏమిటో ముందుగానే ఒక వాక్యంలో రాసిపెట్టాలి. బాణం పడిన చోటే గురి అని తర్వాత గీత గీయకూడదు.

మూడవది, వచ్చినవారి సంఖ్యను మొత్తం జనాభాతో కాక, ఎవరి కోసం ఆ పని చేస్తున్నామో వారితో పోల్చాలి. ఇరవై మంది గర్భిణులున్న బస్తీలో సభకు వంద మంది స్త్రీలు వచ్చి, వారిలో గర్భిణులు ఇద్దరే ఉంటే సభ కిక్కిరిసినా పని జరగలేదన్నమాటే. రాని పద్దెనిమిది మంది ఇళ్ళకు వెళ్ళి కారణం కనుక్కోవడమే మరుసటి నెల కార్యక్రమం కావాలి.

నాలుగవది, అందినవారిలో ఎవరెవరున్నారో వేరుగా చూడాలి. సొంత ఇల్లున్నవారా, అద్దె గదివారా? చదువుకున్నవారా, కానివారా? భర్త దూరదేశంలో ఉండి ఒంటరిగా నెట్టుకొస్తున్న స్త్రీలు, వితంతువులు, మన మతస్థులు కాని పొరుగువారు ఆ లెక్కలో ఉన్నారా? వ్యాధికి వీధి ఎల్లలు తెలియవు, మన పుస్తకానికీ ఉండకూడదు.

ఐదవది, ఫలించని పనిని ఫలించలేదని చెప్పే ధైర్యం కావాలి. చందాదారుల ముందు, జమాతు పెద్దల ముందు ఆ మాట చెప్పడం కష్టమే. కానీ మొదటి ప్రయత్నం ఫలించలేదని బంగ్లాదేశ్ బృందం దాచి ఉంటే రెండవ ప్రయత్నమే ఉండేది కాదు. ఆ 810 సంఘాల ఊళ్ళలో ఈనాడు బడికి పోయే ఎందరో పిల్లలు తమ ప్రాణాలకు ఆ ఒప్పుకోలుకు కూడా ఋణపడి ఉన్నారు.

వచ్చే నెలలోనో, ఆపై నెలలోనో మీ వీధిలో మళ్ళీ షామియానా లేస్తుంది. మందుల పెట్టెలు వస్తాయి, వరుసలు కడతారు. అది మంచి పనే, ఆపవద్దు. అంతకు ముందు రోజు మాత్రం ఇంట్లోని స్త్రీలు ఇద్దరు కలిసి వీధి చివరి గది తలుపు తట్టండి. లోపలున్న ఆమె పేరు, ఆమెకు ఎన్నో నెల, ఆమెకు ఏం కావాలో అడిగి పుస్తకంలో రాసుకోండి. మన సేవ నిజంగా అందిందో లేదో కొలవడం ఆ పేరుతోనే మొదలవుతుంది.